పెళ్లి ప్రకటనలో నాలుగో గడి

ఆ మధ్యాహ్నం అమలాపురంలో పెళ్లికూతురి వాళ్ల ముందుగదిలో ఉన్నవాళ్లు: మా మామ్మ, నాన్న, అమ్మ, నేను, నేను చేసుకోబోయే అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు. ఉన్నవి: నెమ్మదిగా తిరిగే ఫ్యాను, ఏడు గ్లాసుల కొబ్బరినీళ్లు, గోడ మీద ఊగుతున్న ఆకుల నీడ, చర్చిలో ఇవ్వాల్సిన పెళ్లి ప్రకటన కాగితం.

మాకు పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చర్చిలో చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చు. ఆ కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాలి. నేను పెట్టేశాను. ఆమె చదువుతూ నాలుగో గడి దగ్గర ఆగింది. పెళ్లయ్యాక ఏ ఊరి చర్చికి చెందుతారు అన్న గడి అది. అందులో రాజోలు పక్కనున్న మా ఊరి పేరు ఉంది.

“ఇదెవరు రాసేరండీ?” అని అడిగింది.

“నేనేనమ్మా,” అన్నారు నాన్న. “మా నాన్నగారు నాకూ అలాగే రాసేరు. చెయ్యి దానంతటదే రాసేసింది.”

ఆమె అమలాపురంలోనే కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. నేను తాటిపాకలో గ్యాస్ ప్లాంటు మీటర్లు చూస్తాను. ఉద్యోగం వదలనని ఐదు నెలల కిందట, ఫోనులో మాట్లాడుకున్న మొదటి వారమే చెప్పింది. సరేనన్నాను. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. బయలుదేరే ముందు కాగితం రెండుసార్లు సరిచూశాను. పేర్లు, పుట్టిన తేదీలు చూశాను. ఆ గడి చూడలేదు.

ఆమె పెన్నుకు మూత పెట్టేసింది. “అయితే ఈ ఆదివారం చదవక్కర్లేదులెండి.”

గ్లాసు కింద పెట్టి మామ్మ అంది: “నా పేరు చదివిన రోజు నేను చివరి చాప మీద కూచున్నానమ్మా. ఇంకెవరో అనుకున్నాను. పక్కపిల్ల గిల్లితే తెలిసింది.”

“మరేం చేసేరండీ మామ్మగారూ?”

“ఏం చేస్తాను. తరవాతి పాట పాడేను.”

పెళ్లయ్యాక పడవలో వైనతేయ గోదావరి దాటుతుంటే, మామ్మ తాతయ్య మొహం చూడడానికి సిగ్గేసి నీళ్లలో ఆయన నీడను చూసిందట. తెడ్డు పడినప్పుడల్లా ఆ మొహం చెదిరిపోయి, మెల్లగా మళ్లీ కూడుకునేదట. మామ్మ చెబుతుంటే మేం కూచున్న గది కూడా ఎక్కడో నీళ్ల మీద కదులుతున్నట్టు అనిపించింది. అమ్మ సంగతి కొంచెం నయం. పెళ్లిచూపుల్లో నాన్నను పది నిమిషాలు చూసింది. “బస్సు దొరికిందాండీ?” అని ఒక్క మాట అడిగింది. నాకు ఐదు నెలల మాటలున్నాయి. వాటిలో ఒక్కటీ ఇంటిదాకా తేలేదు.

“తప్పు నాన్నది కాదు మామ్మా,” అన్నాను. “తను ఉద్యోగం మానదు. నాకు ముందే తెలుసు. నేనే ఇక్కడికొచ్చి ఉంటాను.”

“ఇల్లరికమా?” అంది అమ్మ.

“అద్దింట్లోనేలే అమ్మా.”

“ఈ ముక్క చెప్పడానికి ఐదు నెలలట్రా?” అంది మామ్మ. ఆ అమ్మాయి వైపు తిరిగి, “వీడు మిషన్లతో అయితే బాగానే మాట్లాడతాడమ్మా,” అంది.

“ఆయ్, తెలుస్తోందండి,” అంటూ ఆమె పెన్ను మూత తీసింది. నాన్న తను రాసిన ఊరి పేరు కొట్టేసి పక్కన సంతకం చేశారు. ఆమె ఆ గడిలో అమలాపురం అని తన చేత్తో రాసి, కింద తన సంతకం పెట్టింది.

ఇప్పుడు మా అద్దింటి నుంచి తాటిపాకలో ప్లాంటు గేటుకు రోజూ బండి మీద యాభై నిమిషాలు.