ఐదో గేటుకు ఫిర్యాదు లేదు

పెదనాన్న పోయారని గోవింద్‌పూర్‌లోని వాళ్లింటి నుంచి ఫోను వచ్చింది. నేను బ్యాగు సర్దుకునేలోపే మా కాలువ ఆఫీసులో సంతాప సభ పెట్టేశారు. ఆయన ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఆఫీసే అది. "ఆయన రిజిస్టరు మనకు ఆదర్శం" అన్నాడు మా ఆఫీసరు సాహెబు, గొంతు సవరించుకుని. నాకు ఏడుపు రాలేదు.

వానల్లో కాలువ నిండితే నీళ్లను నదిలోకి వదిలే గేట్లు ఐదు. నాలుగింటిని చూసుకునేది పెదనాన్న. రోజూ గొలుసు మీద అరచెయ్యి ఆనించి, వణుకు తెలిసిన చోట గ్రీజు పెట్టి, చేసిందంతా రిజిస్టరులో రాసేవారు. కిరసనాయిలుతో చేతులు కడిగినా అన్నం గ్రీజు వాసనతోనే తినేవారు. ఐదో గేటు ఇంకొకతనిది. అతని పేజీల్లో ఒకటే మాట, "ఠీక్ హై", బాగుందని.

ఇద్దరి రిజిస్టర్లూ కంప్యూటర్లో ఎక్కించింది నేనే. అది చూసి సాహెబు వాళ్లు, ఎక్కువ రిపేర్లు రాసినవి చెడ్డ గేట్లని, రాయనిది మంచిదని తేల్చారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు, బాగున్న నాలుగూ పీకి కొత్తవి బిగించారు.

పెదనాన్న సాహెబుని ఒక్కటే అడిగారు, వానల ముందు ఐదోదాన్ని ఒకసారి ఎత్తి చూడమని. "కంప్యూటర్ మే తో ఠీక్ హై" అన్నాడాయన, కంప్యూటర్లో బాగానే ఉందని.

"జొరమని సెప్పినోడికి మందు పోసీసి, సెప్పనోడు బాగున్నాడంతారేటమ్మా?" అన్నారు పెదనాన్న నాతో, బయటికొచ్చాక.

ఎవరూ ఎత్తి చూడలేదు. ఈ వానల్లో ఐదో గేటు సగంలో ఇరుక్కుంది. కాలువ పొర్లి కింది బస్తీలో మంచాలు మునిగాయి. "ఈ గేటుపై పూర్వం ఏ ఫిర్యాదూ లేదు" అని సాహెబు రిపోర్టు చెప్పాడు, నేను టైపు కొట్టాను.

అప్పటికే మంచం పట్టిన పెదనాన్నకు ఆ సంగతి తెలిసింది.

"ఆ మాట నీ సేత్తోనే కొట్టినావేటి?"

"అవును పెదనాన్నా."

గోడవైపు ఒత్తిగిలారు. "టీ తాగెల్లమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. సాహెబు మీద కన్నా నా మీద నాకు ఎక్కువ రోత పుట్టింది.

పెద్దకర్మ అయ్యాక డ్యూటీకి వెళ్తే, బల్ల మీద నేను ఎక్కించాల్సిన ఐదో గేటు కొత్త కాగితం ఉంది. ఠీక్ హై. లేచి కాలువ గట్టుకు నడిచాను. గేటు ఇంకా వంకరగానే వేలాడుతోంది. దాని కింద ఎవరిదో నవారు మంచం ఇరుక్కుని ఉంటే, నీళ్లు ఆ అల్లికలోంచి పోతున్నాయి.

తిరిగొచ్చి, ఎవరినీ అడక్కుండా, కాగితంలో మాటకు బదులు "లేవదు" అని ఎక్కించాను. ఇన్నేళ్లలో ఆ గేటు పేరు మీద పడిన మొదటి ఫిర్యాదు అదే.