యాటోర్ వెనక పరుగెత్తినవాడు

ఇటెన్ ఊళ్లో యాటోర్‌ని అందరూ కుందేలు అనేవాళ్లు. అది వెక్కిరింపు కాదు, అతని వృత్తి పేరే అది. దూరదేశాల నగరాల్లో మారథాన్ జరిగేటప్పుడు అందరికన్నా ముందు పరుగెత్తి, గెలవాల్సినవాళ్లకు వేగం చూపించి, మూడొంతుల దూరం అయ్యాక దారి పక్కకు తప్పుకోవడం కుందేలు పని. పతకం ఇంకొకడి మెడలో పడే వేళకు యాటోర్ దుప్పటి కప్పుకుని బస్సులో కూర్చుని ఉండేవాడు. ఆ సంపాదనతోనే కెరియో లోయ అంచున రాతి ఇల్లు కట్టాడు, ఆవుల్ని కొన్నాడు, కూతురు జెరోప్‌ని నైరోబీలో చదివించాడు. నలభై ఆరేళ్లు వచ్చినా తెల్లారేసరికి కుర్రాళ్ల గుంపుకు ముందు నిలబడేవాడు. అతని వెన్ను చూస్తూ కొండెక్కితే గడియారం అక్కర్లేదని వాళ్ల నమ్మకం.

అలాంటి మనిషి ఒకరోజు పరుగు మధ్యలో వెనక్కి తిరిగి చూశాడు.

లోయ అడుగునుంచి ఊళ్లోకి ఎక్కే దారి అది. మంచు దట్టంగా పట్టింది. కుర్రాళ్లు ఎక్కడో కింద మలుపులో ఉన్నారు, వాళ్ల మాటలు కూడా వినిపించడం లేదు. అయినా యాటోర్‌కి తన వెనక, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూస్తే ఎర్రమట్టి దారి, మంచు, ఒక మేక. అతను వేగం తగ్గించాడు. చప్పుడూ తగ్గింది. ఆగాడు. అడుగులు ఇంకాస్త దగ్గరకు వచ్చి, అతని మెడ వెనకే నిలిచిపోయాయి.

పైన టీ కొట్టు దగ్గర చెసిరే కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఊరి ఆచారం ప్రకారం ఒకే ఏడాది అడవిలో దీక్ష పట్టి మగవాళ్లయినవాళ్లు. ఒకరినొకరు ఏమన్నా పట్టింపు లేదు.

"ఏరా కుందేలూ, పోలీసులేమన్నా తరుముతున్నారా? అట్లా వెనక్కి చూస్తూ వస్తున్నావ్?"

"నా వెనక ఎవరన్నా వచ్చారా?"

"నీ వెనక నీ ముసలితనం వస్తోంది. కూర్చో, టీ తాగు."

యాటోర్ నవ్వి టీ గ్లాసు అందుకున్నాడు. ఆ అడుగుల్ని అతను గుర్తుపట్టాడు. ఒక అడుగు తేలిగ్గా, రెండో అడుగు బరువుగా. అతని అన్న బివోట్ అలాగే పరుగెత్తేవాడు. చిన్నప్పుడు గాడిద మీదనుంచి పడి కాలు విరిగింది. అతుక్కుంది గానీ, ఆ కాలు నేలను కొట్టే తీరు మారిపోయింది. ఎంతమందిలో ఉన్నా బివోట్ వస్తున్నాడని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇరవై ఏళ్ల కిందట అన్నదమ్ములిద్దరూ ఇదే దారిలో పోటీపడి ఎక్కుతుంటే, యాటోర్ వెనక ఆ అడుగులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. వెనక్కి దిగి వచ్చేసరికి బివోట్ కొండ రాయికి చెంప ఆనించి పడుకుని ఉన్నాడు. ఒంటిమీద గీత కూడా లేదు. లోయ తీసుకుంది అన్నారు ఊళ్లో. అంతకు మించి ఎవరూ ఏమీ అడగలేదు.

యాటోర్ వెనక్కి తిరిగి చూసిన ఆ రోజు తర్వాత ప్రతి వారం ఆ అడుగులు వచ్చేవి. చదునైన దారిలో రావు, ఇంటి దగ్గర రావు. ఊపిరి బిగబట్టి కొండెక్కేటప్పుడే వచ్చేవి. మొదట్లో ఒళ్లు జలదరించేది. తర్వాత తర్వాత యాటోర్ వాటికోసమే ఎక్కసాగాడు. చప్పుడు మొదలవగానే, ఎవరూ వినకుండా, "వచ్చావా అన్నా" అనేవాడు.

ఈ సంగతి మొదట పసిగట్టింది భార్య ప్రిస్కా. ఒక ఉదయం అతను పరుగునుంచి వచ్చి గుమ్మంలో కూలబడితే, చెమట తుడుస్తూ అతని రొమ్ముకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉండి మెల్లిగా తల ఎత్తింది.

"జెరోప్ నాన్నా, లోపల ఎవరో నడుస్తున్నట్టుంది."

"పిచ్చిదానా, గుండె."

"గుండె ఎట్లా కొట్టుకుంటుందో నాకు తెలీదా? ముగ్గురు పిల్లల్ని మోశాను. ఇది ఆగుతోంది, తడబడుతోంది, మళ్లీ పరుగెడుతోంది. దారి తెలీనివాడు తిరిగినట్టు తిరుగుతోంది."

అది నిజమే. కొద్దిరోజులుగా యాటోర్ కూడా గమనిస్తున్నాడు. బివోట్ అడుగులు లయ తప్పాయి. తేలిక, బరువు అన్న వరస పోయి ఒక్కోసారి మూడు తేలిక అడుగులు, తర్వాత ఏమీ లేకపోవడం, తర్వాత గబగబా తన చుట్టూ తిరుగుతున్నట్టు చప్పుడు. ఆ వారమే కొండ మధ్యలో యాటోర్ కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాడు. చెసిరే మోటారు సైకిల్ మీద ఎక్కించుకుని, తన నడుముకు అతని నడుము స్వెటర్‌తో కట్టుకుని ఇంటికి తెచ్చాడు. అతను పడిన చోటు, ఒకప్పుడు బివోట్ పడిన చోటికి రాయి విసిరినంత దూరం.

"ఊళ్లో మొక్కులు చెప్పే పెద్దాయన దగ్గరికి తీసుకుపోదాం, లోయకి ఏదన్నా ఇవ్వాలేమో," అన్నాడు చెసిరే.

"లోయకి ఒకణ్ణి ఇచ్చాం చాలు," అంది ప్రిస్కా. "రేపు ఎల్డొరెట్ పోతున్నాం. ఆసుపత్రికి."

గుండె డాక్టరమ్మ న్యాంబోకే పడుకోబెట్టి బీపీ చూసినప్పుడు అంతా మామూలుగా ఉంది. నాడి ఎంత నింపాదిగా ఉందంటే పక్కనున్న నర్సు మెచ్చుకుంది కూడా. "గుర్రంలా ఉన్నారు," అంది. డాక్టరమ్మ మాత్రం మెచ్చుకోలేదు.

"మీరు పడుకుని బతకరు కదా. మీరు బతికేది పరుగులో. అక్కడే చూద్దాం."

ట్రెడ్‌మిల్ మీద ఎక్కించారు. చేతికి పట్టీ, రొమ్మునిండా తీగలు. కింద పట్టా కొండలా పైకి లేచేకొద్దీ బీపీ అంకె పెరుగుతూ పోయింది. రెండొందలు దాటింది, రెండొందల నలభై దాటింది. నర్సు నవ్వడం మానేసింది. యాటోర్‌కి ఒంట్లో కష్టమేమీ లేదు. వెనక అడుగులు మొదలయ్యాయి, అంతే. నాలుగు గోడల గదిలో, వెనక తెల్లటి గోడ తప్ప ఏమీ లేనిచోట.

దించి, ఎడమపక్కకు పడుకోబెట్టి, రొమ్ము మీద చల్లటి జెల్ రాసి స్కానింగ్ పెట్టారు. డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గదిలో అందరికీ వినిపించేలా చప్పుడు వచ్చింది. మట్టిదారిలో ఎవరో పరుగెత్తుతున్నారు. తడబడుతున్నారు. ఒక అడుగు తేలిగ్గా, ఒకటి బరువుగా, తర్వాత శూన్యం, తర్వాత గబగబా.

వాళ్లకు తోడు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ చెసిరే ఒక్కడుగు వెనక్కి వేశాడు. "బివోట్," అన్నాడు. అన్నట్టు అతనికే తెలియదు.

డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. కూర్చున్నప్పుడు నెమ్మదిగా ఉండే రక్తం, గట్టిగా పరుగెత్తినప్పుడు అతని ఒంట్లో ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఒత్తిడితో తోసుకుంటోంది. ముప్పై ఏళ్లుగా రోజూ ఆ తోపుడుకు గుండె గోడలు మందంగా అయ్యాయి. పైగది సాగిపోయింది. సాగిన గదిలో కొట్టుకోవడం క్రమం తప్పింది. అట్లా తప్పినప్పుడు నెత్తురు గడ్డకట్టి మెదడుకు పోవచ్చు.

"పరుగెత్తేవాళ్లందరికీ గుండె కొంత పెరుగుతుంది. అది జబ్బు కాదు. మీది ఆ గీత దాటింది. మీ చెవుల్లో వినిపించే ఆ అడుగులు మీ గుండె చప్పుడే."

"మరి అది మా అన్న లాగా ఎందుకు కుంటుతోంది డాక్టరమ్మా?"

ఆమె తెర వైపు చూసింది. "అది ఈ మిషన్ చెప్పదు. మీ అన్నయ్యకి ఏమైందో కూడా నేను చెప్పలేను, నేను ఆయన్ని చూళ్లేదు. మీరు మాత్రం మాత్రలు వేసుకోండి. కొండ ఎక్కొద్దు. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగంలోనే పరుగెత్తండి."

మాత్రలు పనిచేశాయి. గుండె దారిలో పడింది. యాటోర్ చదును దారిలో ముసలమ్మలా పరుగెత్తుతూ కుర్రాళ్లకు వేళలు అరిచేవాడు. వెనక ఎవరూ లేరు. ఎంత చెవులు రిక్కించినా ఎవరూ లేరు. ఆ నిశ్శబ్దం అతన్ని తినేసింది. మొక్కజొన్న ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కిటికీలోంచి మంచుకేసి చూసేవాడు. బివోట్‌ని రెండోసారి పాతిపెట్టినట్టు ఉందని ప్రిస్కాతో ఒక్కసారే అన్నాడు. ఆమె ఆ రోజునుంచి అతను మాత్రలు నోట్లో వేసుకునేదాకా ఎదురుగా నిలబడటం మొదలుపెట్టింది. అతను నాలుక కింద దాచి, ఆమె అటు తిరగ్గానే ఆవుల పాకలో ఉమ్మేయడం మొదలుపెట్టాడు.

వానలు తగ్గిన ఒక ఉదయం, చెప్పకుండా మటాటు వ్యాన్ ఎక్కి లోయ అడుగుకు దిగి, కొండవైపు తిరిగి పరుగు అందుకున్నాడు. సగం దారికి మంచు చుట్టేసింది. రొమ్ము బిగిసింది. అప్పుడు వినిపించింది, తేలిగ్గా, బరువుగా.

"వచ్చావా అన్నా."

ఈసారి అడుగులు వెనక ఆగలేదు. దగ్గరకు వచ్చాయి, పక్కకు వచ్చాయి, భుజానికి గాలి తగిలినట్టయింది, అతన్ని దాటి ముందుకు పోయాయి. బతికుండగా బివోట్ ఎన్నడూ తమ్ముణ్ణి దాటలేదు. యాటోర్ వేగం పెంచాడు. జీవితంలో మొదటిసారి అతను ఇంకొకరి వెనక పరుగెత్తుతున్నాడు. చప్పుడు ఎటు పోతే అటు. కాళ్ల కింద మట్టి పోయి గడ్డి వచ్చింది, గడ్డి పోయి రాయి వచ్చింది. ఎదురుగా తెల్లగా, మెత్తగా మంచు. చల్లటి గాలి కిందనుంచి పైకి, పాదాల దగ్గరనుంచి ముఖానికి కొట్టింది.

అప్పుడు ఆగాడు. లోయ అంచు మీద ఉన్నాడు. కాలి ముందు నేల లేదు. అడుగులు మాత్రం ఆగలేదు. ఆ ఖాళీలో, గట్టి నేలమీద పడుతున్నట్టే, తేలిగ్గా, బరువుగా దూరం పోతూ వినిపించాయి.

అతను మోకాళ్లు మడిచి కూర్చుండిపోయాడు. గడ్డి రెండు చేతులతో పట్టుకున్నాడు. "నేను రాను," అన్నాడు. "అన్నా, నేను రాను. ఇంటి దగ్గర ప్రిస్కా ఉంది."

మాత్రల్ని ఆవుల పాకలో చూసిన ప్రిస్కా అప్పటికే చెసిరేని బయల్దేరదీసింది. రోడ్డు మీద మోటారు సైకిల్ ఆపి, పేరు పెట్టి పిలుచుకుంటూ వచ్చి పట్టుకున్నారు. అతని పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. సీసా మూత తీసి నీళ్లతో మాత్ర మింగించి, నోరు తెరిపించి నాలుక కింద వేలితో చూసింది.

"నీకు అన్నే కావాలంటే ఇప్పుడే చెప్పు. నేను మా పుట్టింటికి పోతా."

"వద్దు," అన్నాడు యాటోర్.

మళ్లీ ఎల్డొరెట్ పోయాడు, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉన్నాడు, మందు మార్చారు. ఇది జరిగి మూడేళ్లయింది. మనిషి బాగానే ఉన్నాడు. కొండదారి ఎక్కడు. తన ఈడు పరుగువాళ్లను వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోవడం పనిగా పెట్టుకున్నాడు. పడుకోబెట్టి కాదు, పరుగెత్తించి బీపీ చూడండని డాక్టరమ్మకు గుర్తుచేస్తాడు. నాకు తెలుసులెండి అని ఆమె నవ్వుతుంది.

అందరికన్నా ఆఖర్న వచ్చింది చెసిరే. దారి పొడుగునా యాటోర్‌ని ఆటపట్టిస్తూనే వచ్చాడు. ట్రెడ్‌మిల్ దిగి, స్కానింగ్ కోసం బెంచీ మీద కూర్చున్నాక మాట తగ్గింది.

"నీకు వినిపించేది మీ అన్నే అని నీకెట్లా తెలిసింది?"

"తెలిసింది. ఎందుకు?"

చెసిరే టోపీని చేతుల్లో తిప్పాడు. "నాకూ వస్తాయిరా. కిందటేడు నుంచి. చిన్నపిల్ల అడుగులు, చెప్పుల్లేని కాళ్లు. మా ఇంట్లో చిన్నపిల్లలెవరూ పోలేదు. అమ్మని కూడా అడిగా. ఎవరూ పోలేదంది."

 ఈలోగా నర్సు పేరు పిలిచింది. చెసిరే స్వెటర్ విప్పి స్నేహితుడి ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లాడు. తలుపు మూసుకుంది. కాసేపటికి లోపల మీట నొక్కారు, చప్పుడు సన్నగా బయటికి రావడం మొదలైంది. యాటోర్ లేచి, స్వెటర్ చంకలో పెట్టుకుని, ఆ చప్పుడు వినపడనంత దూరం, వరండా చివరిదాకా వెళ్లి నిలబడ్డాడు. వేరొకరి ఇంటి మాట వినడం మర్యాద కాదనిపించింది.