ఉత్తరం వైపు తల

తొంభైల మొదట్లో సూరత్‌లో మాది ఒకటే గది, రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. మా ఆయన సచిన్‌లో మగ్గాల కార్ఖానాకు బస్సులో వెళ్లి వచ్చేవాడు. నేను సూరత్‌లోనే పుట్టి పెరిగాను. మా మాటల్లో సచిన్ దిక్కు, కిమ్ దిక్కు, వరాఛా దిక్కు అని చుట్టుపక్కల ఊళ్ల, పేటల పేర్లే తప్ప వేరే దిక్కులు ఉండేవి కావు.

నాకు ఏడో నెల వచ్చినప్పుడు, సాయంగా ఉంటానని అత్తమ్మ కరీంనగర్ నుంచి వచ్చింది. ఉన్న ఒక్క మంచం ఆమెకిచ్చి, ఆ మధ్యాహ్నం నేను కింద చాప పరుచుకున్నాను.

"ఉత్తరం ఏ దిక్కు బిడ్డా?" అని అడిగింది.

"కిమ్ ఉన్న దిక్కంటరు" అని నా తల వెనక గోడ చూపించాను.

ఆమె గబుక్కున లేచి కూర్చుంది. "గిట్లనా పండుకునేది? కడుపుతోని?"

శివుడు కొడుకు కోసం ఒక తల తెమ్మని భటులను పంపితే, ఉత్తరానికి తలపెట్టి పడుకున్న ఏనుగే వాళ్లకు దొరికిందట.

"మరి దక్షిణం యమునిది గదా అత్తమ్మా?"

"గందుకే. తల ఉత్తరానికి పెడితే కాళ్లు యాడికి పోతయ్? యముని దిక్కు నడిసినట్టే."

కింద పడుకునేవాళ్లకు వేరే దారి లేదు; అడ్డంగా పడుకోవడానికి గది వెడల్పు చాలదు. దక్షిణాన తలుపు లోపలికి తెరుచుకునేది. అటు తల పెడితే, ఎవరు తోసినా తగిలేది. గోడవారనున్న మంచానికి ఆ ఇబ్బంది లేదు.

"నువ్వు మంచమెక్కు" అంది.

"మరి నువ్వు?"

"ముసల్దాని తల ఎవలికి గావాలె?" అని నవ్వింది.

వద్దన్నాను, ఒక్కసారే. నడుం వాలిస్తే ఎంత హాయిగా ఉందంటే, రెండోసారి అనడానికి నోరు రాలేదు.

పాప పుట్టింది. నెల తిరగకముందే, ఒక ఉదయం అత్తమ్మ చాప మీంచి లేవలేకపోయింది. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. బీపీ చాలా కాలంగా ఉండి ఉంటుందన్నాడు డాక్టరు. పడుకున్న తీరు వల్ల వస్తుందా అని హిందీలో అడిగాను. ఆయన నన్ను వింతగా చూసి, అలాంటిదేం లేదన్నాడు. ఆ మాట నమ్మాను. అయినా ఆమెకు ముద్ద కలిపి తినిపిస్తున్నప్పుడల్లా ఆ చాప వైపే చూసేదాన్ని.

మా బావగారు వచ్చి ఆమెను ఊరికి తీసుకెళ్లాడు. స్టేషన్లో ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఎందుకేడుస్తవే? నాకు దిక్కు లేదా, పెద్దోడు లేడా?" అంది, ముద్దముద్దగా.

"నా జాగల నువ్వు పండుకున్నవు అత్తమ్మా..."

"పిల్ల ఏడుస్తుంది, జర పాలియ్యి" అని అటు తిరిగింది.

మరుసటి వానాకాలంలో ఆమె పోయింది. కర్మకాండలు ముగించుకుని సూరత్‌కు తిరిగి వస్తూ, రైల్లో మా ఆయన అన్నాడు: "అమ్మకు మంచం మీద నిద్రే పట్టకపోయేదట. 'కింద నేనే అడిగి పండుకున్న, కోడల్ని ఏమనకు' అని చెప్పింది నాకు."

పాపను గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగాను.