రెండు తాళాల పెట్టె

మా సంఘానికి సభ్యుల కంటే ముందు రబ్బరు స్టాంపు వచ్చింది. హిందూపురంలో దాన్ని చేయించింది నేనే, కార్యదర్శిని కదా. గుండ్రటి స్టాంపు, అంచు చుట్టూ ఇంగ్లీషులో సంఘం పేరు, నడుమ తెరిచిన పుస్తకం బొమ్మ. ఆ పుస్తకంలో గీతలుండాలా, ఖాళీగా ఉండాలా అని పెనుకొండ రైల్వే ప్లాట్‌ఫారం మీద పదకొండు మందిమి ఒక పూటంతా వాదించుకున్నాం. చివరికి ఖాళీ పుస్తకమే ఖాయమైంది. మా గురించి మేము ఏకగ్రీవంగా చెప్పుకున్న నిజం అదొక్కటే.

ఇది తొంభైల చివరి మాట. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళలోనూ ఇంగ్లీషు, హిందీ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఒకే యజమానికి ఉండేవి. నలభై రోజుల్లో ఇంగ్లీషు అని గోడల మీద పెద్దక్షరాలతో రాయించేవాడు. హిందూపురం బ్రాంచి టైలరు షాపు మీద, ధర్మవరం బ్రాంచి పట్టునూలు అంగడి మీద. బెంగుళూరులో ఉద్యోగాలకు పోదామనుకునేవాళ్ళు, చీరల బేరానికి వచ్చే ఉత్తరాది సేట్లతో మాట్లాడాలనుకునేవాళ్ళు వచ్చి చేరేవాళ్ళు. నలభై రోజుల్లో వాళ్ళకు వచ్చేది ధైర్యం. ఇంగ్లీషంటారా, చెప్పే మాకే అంతంతమాత్రం.

యజమానిని డైరెక్టరు గారూ అనాలి. ఉద్యోగంలో చేరేనాడు టెన్త్ మార్కుల లిస్టు నుంచి డిగ్రీ పట్టా దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆయన బీరువాలో పెట్టాలి. జిరాక్సులు పనికిరావు. నడుమలో మానేసి పోకుండా అది మాకు వేసిన ముక్కుతాడు. మా వైపు ప్రైవేటుగా చదువు చెప్పే చోట చాలావరకు ఇదే ఆచారం. ఆయన ఒక చిన్న రసీదు మాత్రం రాసిచ్చేవాడు. ఆ రసీదును మేము పర్సులో దాచుకుని, అవసరమైనప్పుడు తీసి చూసుకుని, మనం చదువుకున్నవాళ్ళమేనని నమ్మకం తెచ్చుకునేవాళ్ళం.

ఆ ముక్కుతాడు తెంచడానికే సంఘం పెట్టాం. అధ్యక్షుడు ధర్మవరం బ్రాంచి హిందీ సారు. ఆయన హాజరు పిలిచినా నినాదం లాగే ఉండేది. కోశాధికారి పెనుకొండ మేడమ్. మా పదకొండు మందిలో నిజంగా ఇంగ్లీషు వచ్చింది ఆమె ఒక్కతెకే. అందుకే ఆమెకు మాట్లాడే పని లేని పదవి ఇచ్చాం.

ఎండాకాలం సెలవుల్లో బ్యాచీలు నిండుతాయి. సరిగ్గా అప్పుడు సమ్మె నోటీసిచ్చాం. నాలుగు కోరికలు రాశాం. మొదటిది సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వాలని. రెండోది, ఆదివారం సంతలో మాచేత కరపత్రాలు పంచించకూడదని. మిగిలిన రెండూ ఇప్పుడు గుర్తు లేవు. వాటి కోసం అంత ఇంగ్లీషు ఖర్చు పెట్టాను గానీ, ఏమిటో గుర్తు లేవు.

డైరెక్టరు నోటీసు చదివి, బీరువా తెరిచి, కవర్లన్నీ టేబులు మీద పడేశాడు.

"తీసుకపోండప్పా. మీ కాగితాలు నాకెందుకు? నా బీరువాలో జాగా మిగుల్తాది" అన్నాడు.

మేము ఆయనతో పోట్లాడటానికి మూడు వారాలు తయారై మరీ పోయాం. గెలుస్తామని ఎవరమూ అనుకోలేదు కాబట్టి గెలిస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. కవర్లు చంకలో పెట్టుకుని ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కూర్చున్నాం. అప్పుడు అధ్యక్షుడికి అనుమానం వచ్చింది.

"ఇంత సులభంగా ఇచ్చినాడంటే దీనెనక ఏదో ఉండాదబ్బా. మిగతా మూడు కోరికలు తీరకముందే మనలోనే ఎవడో దొంగతనంగా పోయి, మళ్ళా ఆయప్ప చేతిలో పెట్టొస్తాడు చూడండి."

మేమంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ప్రతివాడికీ ఆ దొంగ పక్కవాడే అనిపించాడు. నాకైతే ముగ్గురి మీద అనుమానం. ఆ ముగ్గురికీ నా మీద ఉండేదని తర్వాత తెలిసింది.

అధ్యక్షుడు అక్కడికక్కడే తీర్మానం చెప్పాడు. సర్టిఫికెట్లన్నీ ఒక ట్రంకు పెట్టెలో పెట్టాలి. పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆయన దగ్గర, ఇంకొకటి నా దగ్గర. ఇద్దరమూ ఉంటే తప్ప తీయకూడదు. మూడూళ్ళకూ నడుమ ఉంది కాబట్టి పెట్టె పెనుకొండలో, కోశాధికారి ఇంట్లో ఉండాలి. కోరికలన్నీ తీరేదాకా అంతే.

మేడమ్ ఒక్కతే అడిగింది. "అట్లయితే డైరెక్టరుకూ మనకూ తేడా ఏముండాది సార్?"

"తేడా ఎందుకు లేదమ్మా? ఆయప్ప ఒక్కడు. మనం పదకొండు మంది!"

చప్పట్లు కొట్టాం. నేను మరీ గట్టిగా కొట్టాను. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో ఇంగ్లీషులోకి మార్చి రాసి, కింద స్టాంపు గుద్దాను. పెట్టెలో పెట్టిన కవర్లకు రసీదులివ్వాలని ఎవరికీ తట్టలేదు.

మేడమ్ ఇంట్లో ఆమె, ఆమె అవ్వ ఇద్దరే. అవ్వకు ఆ పెట్టె బాగా నచ్చింది. దాని మీద కూర్చుని చెనక్కాయలు ఒలుచుకునేది. నేను చందా కోసం పోయినప్పుడల్లా, "ఏం నాయనా, దీంట్లో బంగారముండాదా, రెండు బీగాలేసినారు?" అని అడిగేది. చదువుకున్న కాగితాలవ్వా అంటే, "చదువుకు బీగమెందుకు, ఎవురన్నా ఎత్తుకపోతారా?" అనేది. చదువురాని ముసలామెకు సంఘ క్రమశిక్షణ ఏం తెలుస్తుందని నవ్వుకునేవాణ్ణి.

మేడమ్ అంతకు ముందే ప్రభుత్వ టీచరు పోస్టులకు డీఎస్సీ పరీక్ష రాసి ఉంది. ఆమెకు అదే ఆఖరి అవకాశం, మళ్ళీ పరీక్ష పెట్టేసరికి వయసు దాటిపోతుంది. ఒకరోజు పొద్దున హిందూపురంలో మా బ్రాంచి కిందున్న టైలరు షాపుకు ఫోను చేసి నన్ను పిలిపించింది. సెలక్షన్ వచ్చింది. సర్టిఫికెట్లు చూపించమని అనంతపురం నుంచి కార్డు. పోస్టులో ఎక్కడ తిరిగిందో గానీ రమ్మన్నది మర్నాడే.

నా తాళంచెవి తీసుకుని మధ్యాహ్నానికల్లా పెనుకొండ చేరాను. అధ్యక్షుడు ఆమడగూరులో చుట్టాల పెళ్ళికి పోయాడనీ, రేపు సాయంత్రానికి గానీ రాడనీ ధర్మవరంలో ఆయన ఇంటి పక్కవాళ్ళు ఫోనులో చెప్పారట. తాళంచెవి మొలతాడుకు కట్టుకునే తిరుగుతాడు. నేను ఒక తాళం తీశాను. రెండోది అట్లాగే వేలాడుతూ ఉంది.

మేడమ్ రోలు పక్కనున్న గుండ్రాయి చూపించింది. "సార్, నేను పగలగొడితే ఇంట్లో పెట్టుకున్నదే దొంగ అంటారు. మీరు కార్యదర్శి. మీరు కొట్టండి, నేను సాక్షి సంతకం పెడతా."

ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నాకు భయమేసింది. పోలీసుల భయమూ కాదు, డైరెక్టరు భయమూ కాదు. అధ్యక్షుడు వచ్చి ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ ఏమంటాడోనని భయం. ఆ భయానికి నేను నియమం అని పేరు పెట్టాను.

"తీర్మానం లేకుండా తాళం పగలగొడితే తప్పు మేడమ్. లెటరు రాసిస్తాను. మన లెటరుహెడ్ చూస్తే వాళ్ళే టైమిస్తారు" అన్నాను.

మంచి ఇంగ్లీషు లెటరు చూస్తే ఆఫీసులు కరిగిపోతాయని మా జాతికొక నమ్మకం. రోజూ పిల్లలకు అదే కదా చెప్పేది. మూడుసార్లు చిత్తు రాసి, నాలుగోసారి సాపు చేసి, స్టాంపు వేసిచ్చాను. తెరిచి ఉన్న తాళాన్ని మళ్ళీ వేసి మరీ హిందూపురం వచ్చేశాను. అవ్వ పోయి పెట్టె మీద కూర్చుంది.

మర్నాడు పదిన్నరకు అనంతపురం నుంచి మళ్ళీ ఫోను. చేసింది మేడమ్.

"సార్, ఆఫీసరు లెటరు చదివి, ఇంగ్లీషు బాగుండాదమ్మా, ఒరిజినల్స్ యాడ అన్నాడు. సాయంత్రం ఐదు దాకా టైమిచ్చినాడు. మీరు పెనుకొండకు పోయి, ఆ తాళం పగలగొట్టి, బస్సుకు వచ్చేయండి సార్. మీ కాళ్ళు మొక్కుతా."

"నేను చూసుకుంటాను మేడమ్, మీరు ధైర్యంగా ఉండండి" అన్నాను.

చూసుకున్నాను. నేరుగా ధర్మవరం పోయి అధ్యక్షుడి ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఆయన తొందరగా వస్తే రెండో తాళంచెవి తీసుకుని, నియమం తప్పకుండా పని చేయవచ్చని నా తెలివి. ఆయన ఆరుంబావుకు వచ్చాడు, పెళ్ళి తాంబూలం నములుతూ. సంగతి విని, "నన్నడక్కుండా తీయకపోవడం మంచి పని చేసినావప్పా" అని భుజం తట్టాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయానని కూడా రాయాలి, దాచితే అబద్ధమవుతుంది.

సంఘం తర్వాత ఏమైందో కూడా చెప్పేస్తాను. నెల తిరక్కుండా తొమ్మిది మందిమి అదే డైరెక్టరు దగ్గరికి పోయి, అవే కవర్లు అదే బీరువాలో పెట్టి వచ్చాం. ఆయన నవ్వలేదు, రసీదులు రాసిచ్చాడు. కొన్నేళ్ళకు అధ్యక్షుడు ధర్మవరంలో సొంతంగా ఇన్‌స్టిట్యూటు తెరిచాడు. చేరేవాళ్ళు ఒరిజినల్స్ తెచ్చుకోవాలని బోర్డు మీదే రాయించాడు. పెనుకొండ మేడమ్ ఉద్యోగం లిస్టులో తర్వాతి పేరుకు పోయింది. ఆమె అక్కడే బ్రాంచిలో రిటైరయ్యే వయసు దాకా నలభై రోజుల ఇంగ్లీషు చెప్పింది.

అయితే నేను మరిచిపోలేనిది ఇవేవీ కాదు, ఆ మర్నాటి పొద్దున.

అధ్యక్షుడూ నేనూ రెండు తాళంచెవులతో పెనుకొండ పోయాం. పెట్టె వాకిట్లో తెరిచి ఉంది. రెండు తాళాలూ పగిలి గుండ్రాయి పక్కన పడి ఉన్నాయి. మేడమ్ కింద కూర్చుని కవర్లను పేర్ల వరసలో సర్దుతోంది. పక్కన ఒక తెల్ల కాగితం, దాని మీద పదకొండు పేర్లు. అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు గానీ అవ్వ చూసిన చూపుకు ఒక అడుగు వెనక్కి వేశాడు.

మేడమ్ నా కవరు నా చేతికిచ్చి, కాగితం ముందుకు జరిపింది. "అందినట్టు సంతకం పెట్టండి సార్."

పెట్టాను.

"నిన్న ధర్మవరానికి యా బండికి పోయినారు సార్?" అంది తలెత్తకుండానే.

"పన్నెండు గంటల ప్యాసింజరుకు."

"అది పెనుకొండలో ఆగుతాది కదా సార్."

ఆగుతుంది. రెండు నిమిషాలు ఆగుతుంది. మేము తీర్మానం చేసిన బెంచీకి ఎదురుగానే నేనెక్కిన రైలు పెట్టె ఆగింది. నేను కిటికీ పక్కనే కూర్చుని ఉన్నాను, స్టేషను బయట ఆమె వీధి మలుపు కూడా కనిపించింది.

"ఆగుతుంది మేడమ్" అన్నాను.