నెనాషెవ్‌తో ఆరు వారాలు

పోయిన మంగళవారం మా మెయిల్‌బాక్స్‌లో మాది కాని కవరు ఒకటి పడింది. మోరిస్‌విల్‌లో మా వీధి పేరూ పక్క వీధి పేరూ దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఈ పొరపాటు నెలకొకసారైనా జరుగుతూనే ఉంటుంది, మేమూ ఆ కవర్లు తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టి, వాకిట్లో పూలమొక్కల గురించి రెండు ముక్కలు మాట్లాడి వస్తూనే ఉంటాం. ఈసారి మాత్రం కవరు మీది ఇంటిపేరు చూసి డ్రైవ్‌వేలోనే నిలబడిపోయాను. నెనాషెవ్. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఏ కాగితం మీదా నా కంటబడని పేరు. ఆ ఇంట్లో ఉండేది వాకర్ పట్టుకుని నడిచే ఒక పెద్దావిడనీ, కిందటేడే ఒహాయో నుంచి వచ్చారనీ మా ఆవిడ చెప్పింది, అంటే నేనెరిగిన మనిషికి ఆవిడ ఏమీ కాకపోవచ్చు. అయినా నేను బెల్ కొట్టలేదు. కవరు గుమ్మం ముందు పెట్టి, దొంగలా గబగబా వెనక్కి వచ్చేశాను. నాలాగే ఆ రోజుల్లో ఈ దేశానికి వచ్చి, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని సాయంత్రం నడకలు నడుస్తున్న నా ఈడువాళ్ళు ఇది చదువుతారని తెలుసు కాబట్టి, ఎందుకు అలా వచ్చేశానో మీకు చెప్పుకుంటాను. జాలిపడమని మాత్రం కాదు.

శతాబ్దం మారే హడావుడి సద్దుమణిగి, డాట్‌కామ్ కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి కూలిపోతున్న రోజులవి. శాంటా క్లారాలో గిడ్డంగుల సరుకు నిల్వలు చూసే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒకదానిలో నేను టీమ్ లీడ్‌ని. తొమ్మిది మంది టీమ్‌లో ఏడుగురం తెలుగువాళ్ళం కావడంతో లంచ్ టేబుల్ మా రాజ్యంగా ఉండేది. మైక్రోవేవ్‌ల పక్కనున్న గుండ్రటి బల్ల మీద డబ్బాలు విప్పుకుని, కొత్తగా చేరిన తెలుగువాడు ఎవడొచ్చినా ముందు ఇంటిపేరు అడిగేవాళ్ళం. ఇంటిపేరుతో తేలకపోతే ఊరు, ఊరితోనూ తేలకపోతే మేనమామల ఇంటిపేరు, ఇలా ఒక్కో మెట్టే దిగుతూ, నవ్వుతూనే, పప్పు వడ్డిస్తూనే, అతని కులం దాకా కూపీ లాగేవాళ్ళం. తేలాక ఎవరో ఒకరు ‘మనవాడే’ అనేవారు, లేదా ఏమీ అనకుండా డబ్బా మూత పెట్టేసుకునేవారు. ఆ రెండింటికీ తేడా ఎంతో ఎదురుగా కూర్చున్నవాడికి వెంటనే తెలిసిపోయేది. సిగ్గుగా ఉందని ఇప్పుడు రాయడం తేలికే. అప్పుడు మాత్రం అది మాకు సరదా, ఇంకా నిజం చెప్పాలంటే అన్నం కంటే రుచి.

మా టీమ్‌లో తెలుగువాళ్ళు కానివాళ్ళలో ఒకడు నా పక్క క్యూబ్‌లో కూర్చునే రష్యా అతను. వొరోనెజ్ అనే ఊరి వైపువాడు, నలభైకి దగ్గర పడినవాడు, పొడుగు మనిషి, మాట తక్కువ. ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు సీసాతో తెచ్చి అందరికీ పంచేవాడు, మన ఆవకాయ అడిగి పెట్టించుకుని కళ్ళనీళ్ళు కారుతున్నా మొహమాటానికి తినేసేవాడు. నెలాఖరున అన్ని గిడ్డంగుల నిల్వలనూ ఒకచోట సరిచూసే ప్రోగ్రాం, మేము మంత్‌ఎండ్ జాబ్ అనేది, అతను రాసిందే. అది మధ్యలో ఆగిపోతే అతను తప్ప లేపగలిగినవాడు కంపెనీలో ఇంకొకడు లేడు.

ఒకసారి క్లయింటు పనిమీద మేమిద్దరం బెంటన్‌విల్ వెళ్ళాం. హోటల్ గదిలో బ్యాగు కింద పెట్టగానే అతను మంచం పక్క సొరుగు లాగి, టెలిఫోన్ డైరెక్టరీ తీసి, ‘ఎన్’ అక్షరం దగ్గర వేలితో గీసుకుంటూ చూసి, లేదని తల ఊపి మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. ఏ ఊరెళ్ళినా అతనికది అలవాటట. తన ఇంటిపేరు తమ దేశంలోనే అరుదనీ, తమ వైపు పల్లెల్లో కొన్ని కుటుంబాలు తప్ప, కాలేజీలోగానీ సైన్యంలోగానీ తనకి ఇంకొక నెనాషెవ్ తగల్లేదనీ, అమెరికాలోనైనా ఒకడు దొరుకుతాడేమోనని చూస్తుంటాననీ చెప్పాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, నేను అడిగిన మీదట, ఆ పేరు కథ కూడా చెప్పాడు. రష్యన్‌లో ‘నాష్’ అంటే మనవాడు, ‘నె’ అంటే కాదు. ఎక్కణ్ణించో వచ్చి చేరినవాడికి ఊళ్ళోవాళ్ళు పెట్టిన పేరై ఉంటుందని కొందరంటారట. వాళ్ళింట్లో మాత్రం వేరే కథ. వాళ్ళ పూర్వీకుల్లో ఒకావిడకి పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతుంటే, చివరికి పుట్టినవాణ్ణి కిటికీలోంచి దారినపోయే బిచ్చగత్తె చేతికిచ్చేసి, మళ్ళీ గుమ్మంలోంచి రెండు నాణేలిచ్చి కొనుక్కుని, వీడు మావాడు కాదని పేరు పెట్టారట. మృత్యువు వచ్చినా, ఈ ఇంటి బిడ్డ కాదులే అనుకుని వెళ్ళిపోవాలని. ఆ పిల్లవాడు బతికాడు, అతని పిల్లలకి అదే ఇంటిపేరైంది.

ఇదంతా చెప్పి, తన భార్యకి మూడో నెల అనీ, అంతకు ముందు రెండుసార్లు పోయిందనీ, ఈసారి డాక్టర్లు మంచం దిగవద్దన్నారనీ అన్నాడు. బిడ్డ పుట్టగానే కిటికీలోంచి అమ్మమని వొరోనెజ్ నుంచి వాళ్ళ నాయనమ్మ ఫోన్‌లో పోరుతోందట. మాది మూడో అంతస్తు, బిచ్చగత్తె నిచ్చెన తెచ్చుకోవాలి అని నవ్వాడు. నవ్వుతూనే గ్లాసు పక్కకి జరిపి మొహం తుడుచుకున్నాడు.

నాకు చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. నా పేరు తవిటయ్య. విజయనగరం వైపువాళ్ళకి ఇంక విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పోయారు. నన్ను పుట్టగానే చేటలో పెట్టి పక్కింటావిడకి ఇచ్చేసి, ఆవిడ ఒళ్ళో దోసెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. ఎక్కడి వొరోనెజ్, ఎక్కడి విజయనగరం! ఇద్దరు తల్లులు ఒకే భయంతో ఒకే పని చేశారు. మాదీ ఇదే కథ అని ఒక్క ముక్క అంటే ఆ మనిషికి ఎంత ధైర్యంగా ఉండేదో. అనలేదు. ఆఫీసులో టామ్ అనీ, లంచ్ టేబుల్ దగ్గర ఇంటిపేరుతోనూ పిలిపించుకుంటూ ఏళ్ళ తరబడి దాచుకున్న పేరది, చెప్పుకోవడం నాకు నామోషీ. విని ఊరుకుంటే కూడా సరిపోయేది. తిరిగొచ్చిన మర్నాడే ఆ కథ లంచ్ టేబుల్ మీద, చారులో పోపు వేసినట్టు, నేనే వేశాను.

మా మేనేజరు, మాకు దూరపు చుట్టమే, పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఏంటయ్యా, వాళ్ళ తాతలే సర్టిఫికెట్ రాసిచ్చేశారా మనవాడు కాదని? ఇంక మనం ఎంక్వయిరీ చేసే పనే లేదు!” అన్నాడు. అందరం నవ్వాం. ఆ రోజు నుంచి అతను ట్రే పట్టుకుని మా బల్ల పక్కగా వెళ్తుంటే ఎవరో ఒకరు తెలుగులో, “అదుగో, కానివాడొచ్చాడు” అనేవారు. తనని పలకరిస్తున్నామనుకుని అతను చెయ్యి ఊపేవాడు. ఆ చెయ్యి ఊపడం చూసి ఇంకా నవ్వేవాళ్ళం.

నెల తిరక్కుండానే మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. “పర్మనెంట్‌వాణ్ణి ఒకణ్ణి తీసేసి కాంట్రాక్టర్‌ని పెట్టుకోమంటున్నారు పైనుంచి. మీ బావమరిది బెంచ్ మీదే ఉన్నాడు కదా? నువ్వే చెప్పు ఎవర్ని తియ్యాలో” అన్నాడు. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ప్రాజెక్ట్ లేక జీతం లేక నాలుగు నెలలుగా మా హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడు. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే వీసా పోయి వెనక్కి వెళ్ళాల్సిందే. ఇంట్లో మా ఆవిడ నాతో ముభావంగా ఉంటోంది. ఎవరి పేరు చెప్పాలో ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందంటే, చేతిలో కాఫీ చల్లారలేదు.

ఇక్కడ మన వృత్తి సంగతి ఒకటి చెప్పాలి, మనవాళ్ళకి తెలిసిందే అయినా. ఒక మనిషిని తీసేసే ముందు అతని చేతే అతని పనంతా ఇంకొకడికి నేర్పిస్తారు. దానికి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అని మంచి పేరు. సంగతి తెలిస్తే ఎవడూ నేర్పడు కనుక ఏదో ఒక కట్టుకథ చెప్పాలి. నీకు బిడ్డ పుట్టాక సెలవు కావాలి కదా, అప్పటికి బ్యాకప్ మనిషిని తయారు చెయ్యి, మా బావమరిదిని తెస్తున్నాను అని చెప్పాను. నెనాషెవ్ లేచి నిలబడి నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని థాంక్స్ చెప్పాడు.

ఆరు వారాలు నేర్పాడు. ఎలా నేర్పాడంటే, సాయంత్రం కారెక్కగానే మా బావమరిది, “బావా, ఇతను చాలా ఓపిగ్గా చెప్తున్నాడు బావా, నాకే ఎక్కట్లేదు. ఆ మంత్‌ఎండ్ జాబ్ ఒక్కటీ అస్సలు అర్థం కావట్లేదు” అని దిగులుపడేవాడు. అసలు సంగతి వాడికీ నేను చెప్పలేదు. నాలుగో వారంలో ఒకరోజు నెనాషెవ్ నన్ను పార్కింగ్ లాట్‌లోకి తీసుకెళ్ళాడు. లేఆఫ్‌ల గుసగుసలు విన్నాననీ, శాన్ డియేగోలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచిందనీ, తీసుకుంటామన్నట్టే మాట్లాడారనీ, కానీ ఈ స్థితిలో భార్యని అంతదూరం కదిలించడం భయంగా ఉందనీ చెప్పాడు. కాన్పయ్యేదాకా ఈ ఉద్యోగం, ఈ ఇన్సూరెన్స్ ఉంటే చాలు. నువ్వు లీడ్‌వి, నీకు తెలుస్తుంది. ఉంటుందంటే ఇంటర్వ్యూకి వెళ్ళను, లేదంటే రేపే వెళ్తాను. ఇంతే అడిగాడు.

అతను వెళ్ళిపోతే మా బావమరిది సగం చదువుతో మిగిలిపోతాడు. నా మనసులో మెదిలింది అదొక్కటే. అతని కళ్ళలోకి చూస్తూ, నీ ఉద్యోగానికి ఢోకా లేదు, వెళ్ళకు అన్నాను. చల్లగా అన్నాను. తడబడ్డానని, గుటకలు మింగానని రాసుకుంటే నాకే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ జరగలేదు. అతను అక్కడే నా ఎదురుగా సెల్‌ఫోన్ తీసి శాన్ డియేగో వాళ్ళకి రానని చెప్పేశాడు, తర్వాత భార్యకి ఫోన్ చేసి రష్యన్‌లో ఏదో చెప్పి నవ్వాడు.

ఆరో వారం చివర శుక్రవారం పొద్దున పదింటికి అతన్ని హెచ్ఆర్ గదిలోకి పిలిచారు. పావుగంటలో బయటికొచ్చి, వెనక సెక్యూరిటీ మనిషి నిలబడి చూస్తుండగా, క్యూబ్‌లో సామాను అట్టపెట్టెలో సర్దుకున్నాడు. సర్దడం అయ్యాక నావైపు తిరిగి, నీకు ఎప్పణ్ణించి తెలుసు అని అడిగాడు. ఇవాళే తెలిసింది అన్నాను. మా బావమరిది పక్కనే నిలబడి ఉన్నాడు. నెనాషెవ్ పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసి వాడి చేతిలో పెట్టాడు. మంత్‌ఎండ్ జాబ్ ఎక్కడ ఆగితే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో ఆదివారం కూర్చుని రాశానని, అది రాకపోతే నిన్నూ పంపించేస్తారని వాడితో చెప్పి, సెక్యూరిటీ మనిషి ముందు నడుస్తుంటే వెళ్ళిపోయాడు. అప్పటికి అతని భార్యకి అయిదో నెల.

మా బావమరిది ఆ రాత్రి అన్నం తినలేదు. సోమవారం మాత్రం ఆ పుస్తకం పట్టుకుని పనికి వెళ్ళాడు. తర్వాత ఆ కంపెనీవాళ్ళే వాణ్ణి పర్మనెంట్ చేసుకున్నారు. గ్రీన్‌కార్డ్, ఇల్లు, ఇద్దరు పిల్లలు, అన్నీ ఆ కుర్చీలోంచే వచ్చాయి. నన్ను ఎన్నడూ ఒక్క మాటా అనలేదు గానీ, ఆ శుక్రవారం నుంచి నాతో కారులో రావడం మానేశాడు. ఇవాళ్టికీ పండగలకీ పబ్బాలకీ వస్తే అక్కతో మాట్లాడి వెళ్ళిపోతాడు. మా ఆవిడ ఎందుకని అడగదు. తెలుసుననుకుంటాను.

ఇప్పుడు రోజులు మారిపోయాయి. మా అమ్మాయి ఆఫీసులో లంచ్ టేబుల్ అనేదే లేదు, ఎవరింట్లో వాళ్ళు లాప్‌టాప్ ముందు తింటారు. ఇంటిపేరు అడిగి కులం దాకా లాగే ఆ పాత విద్య గురించి ఒకసారి చెబితే, “డాడీ, దట్స్ సో మీన్, మీరు నిజంగా అలా అడిగేవారా?” అని నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఉద్యోగాలు తీసేసేటప్పుడూ ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు, పొద్దున లేచి చూస్తే లాగిన్ అవదు, అంతే. ఇదేం అమానుషం అని నా ఈడువాళ్ళు నడకల్లో వాపోతుంటారు, మన రోజుల్లో మనిషికి మనిషి ఉండేవాడని. నేను తల ఊపుతాను. మనిషికి మనిషి ఉండేవాడన్నది నిజమే. ఆరు వారాలు ఎదురుగా కూర్చుని, అతను తెచ్చిన దోసకాయలు తింటూ నమ్మించి గొంతు కోయడానికి మనిషే కావాలి మరి.

అతను వొరోనెజ్ వెళ్ళాడో ఇంకెక్కడికైనా వెళ్ళాడో తెలియదు. అతని ఇంటి ఫోన్ నంబరు చాలా ఏళ్ళు నా డైరీలో ఉండేది. ఆ నాలుగు నెలలూ గడిచాక ఒక్క ఫోన్ చేసి ఉంటే తెలిసేది. పుట్టింది ఆడపిల్లో మగపిల్లవాడో నాకు తెలియదు. అసలు పుట్టిందో లేదో కూడా నేను అడగలేదు.