రత్నరాజు మాస్టారు నాకు చెప్పని దారం

మా ఉన్నత పాఠశాల లెక్కల మాస్టారు రత్నరాజుగారు మొన్న మంగళవారం ఉదయం ప్రభువునందు నిద్రించారు. ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. అటెండరు వచ్చి "పంతులుగారండీ, లెక్కల మాస్టారు పోయేరండి" అన్నాడు. ముందురోజు సాయంత్రం కాలవగట్టున నా పక్కన కూర్చుని మరమరాలు తిన్న మనిషి. పద్నాలుగేళ్ల సాహచర్యాన్ని ఒక్క గుండెపోటు తుడిచిపెట్టేసింది. "మీకంటే దగ్గరివారెవరున్నారండీ, మీరే రాయాలి" అని హెడ్మాస్టరుగారు పాఠశాల పత్రికకు ఈ వ్యాసం నాకు అప్పగించారు. వెంటనే రాసి ఇచ్చేసి ఉంటే బాగుండేది. అప్పటికి నా దగ్గర దుఃఖం ఒక్కటే ఉంది. ఇప్పుడు కోపం కూడా ఉంది. పాఠకులు మన్నించాలి.

రత్నరాజుగారు గణితశాస్త్ర పారంగతులు, మితభాషులు, నిరాడంబరులు. తాతగారు పొలం కూలి, తండ్రిగారు మిషను బడి పంతులు. ఆ వంశంలో మొదటి పట్టభద్రుడై ఉండి కూడా బడికి నడిచే వచ్చేవారు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి ఒక్క దెబ్బ కొట్టి ఎరగరు. "తప్పు ఎక్కడ మొదలైందో అక్కడికి వెళ్లరా, చివర దిద్దితే ఏం లాభం" అనేవారు. ఇవన్నీ సత్యాలే. ఒక్కటి కూడా కొట్టెయ్యను.

అయితే రాజోలు తాలూకాలో ఆయన ఖ్యాతి లెక్కల వల్ల రాలేదు, గాలపు దారం వల్ల వచ్చింది. మా చిన్నతనంలో గాలానికి నూలుదారం ఒక్కటే ఉండేది. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి ఆరేసుకునేవాళ్లం. తరవాత నైలాను వచ్చింది. ముందు తెల్లది, ఆ వెనక పచ్చది, నీలంది, మట్టిరంగుది, మెలివేసింది, వెయ్యనిది. మళ్లీ ఒక్కోదానిలో పది నంబర్లు. కాలవకొకటట, ఏటికొకటట, ఏరు సముద్రంలో కలిసే మొగకొకటట. బజారులో ఆ కొట్టు ముందు నిలబడితే పెళ్లిచీరల కొట్టుకి వెళ్లినట్టు కళ్లు తిరిగేవి. ఏది మంచిదని అడిగితే కొట్టాయన "అన్నీ మంచియ్యేనండి, ఆయ్" అనేవాడు. దాంతో జనం రీళ్లు పట్టుకుని మాస్టారి అరుగెక్కేవారు.

ఈ తొమ్మిదేళ్లలో ఆ అరుగు వైద్యశాల అయిపోయింది. పెరట్లో జామకొమ్మకి దారం కట్టి, కింద బకెట్టు వేలాడదీసి, దారం తెగేదాకా చెంబుతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టేవారు. పొడిదారంతో ఒకసారి, తడిదారంతో ఒకసారి, ముడివేసి మరోసారి. పెరడంతా బురదే. ఆయన భార్య సువార్తమ్మగారు "ఇంక మా పెరట్లోనే రొయ్యలు పెంచుకోవచ్చండి" అని వేళాకోళం చేసేవారు. మాస్టారు నవ్వి ఇంకో చెంబు పోసేవారు. ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ముందు చేప పేరు చెప్పండి, తరవాత దారం సంగతి చూద్దాం."

నన్ను మాత్రం ఏనాడూ చేప పేరు అడగలేదు. "మీకు తెల్లది చాలండి" అనేవారు. చనువు కొద్దీ అలా అంటున్నారనుకున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు వేసవిలో మా నాన్నగారు మంచం పట్టారు. నాకు గాలం వెయ్యడం నేర్పింది ఆయనే. అన్నం సయించడం మానేసిన మనిషి ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు పట్టిన పండుగప్పతో పులుసు తినాలనుందిరా" అన్నారు. బజారులో తెస్తానంటే ఒప్పుకోలేదు. నేను మాస్టారి దగ్గరికి పరిగెత్తాను. అప్పటికి ఆయనకి ఊళ్లో ఇంత పేరు లేదు గాని, నాకు ఆయన మాట వేదం.

"పండుగప్పకి ఏ దారం వెయ్యమంటారండి?" అన్నాను.

"తెల్లది చాలండి. సన్నంగా ఉంటే చేపకి కనపడదు" అన్నారు.

ఇద్దరం వైనతేయ గోదావరి ఒడ్డుకి వెళ్లాం. పొద్దు వాలుతుండగా దారం గుంజింది. పెద్ద చేప. నాన్నగారు నేర్పినట్టే వదులుతూ, లాగుతూ మోకాటి లోతు నీళ్లదాకా తెచ్చాను. "వదలకండి, వదలకండి" అంటూ మాస్టారు పంచె ఎగ్గట్టి ఏట్లోకి దిగారు. చేప పక్కకి తిరిగి ఒక్కసారి తల విదిల్చింది. దారం తెగిపోయింది. మాస్టారు దారం కొసని వేళ్లతో తడిమి చూసి, జేబులో వేసుకుని, "చెయ్యి తొందరపడిందండి పంతులుగారూ" అన్నారు.

నాలుగోనాడు నాన్నగారు పోయారు. ఆ పులుసు తినకుండానే పోయారు. తొమ్మిది సంవత్సరీకాలు పెట్టాను, ప్రతి ఏడూ పిండం పెట్టే చేత్తోనే క్షమాపణ అడుక్కున్నాను. ఆడిన మాట తప్పని తండ్రికి, ఒక్క చేప తెచ్చిపెట్టలేని తొందరపాటు కొడుకునని నమ్మాను.

మొన్న ఆదివారం మాస్టారి ఇంటివాళ్లని ఓదార్చడానికి ఆదరణ కూటం జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, మాస్టారి గురించి చెప్పదలచినవాళ్లు లేచి చెప్పవచ్చన్నారు. చెప్పినవాళ్లంతా దారం గురించే చెప్పారు. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే సత్తిరాజు లేచి, జెల్లలకి మెలిదారం వెయ్యమన్నారని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. రిటైరైన నర్సమ్మగారు, కొరమేనుకి కాలవలో తూటాకుకి చిక్కుపడినా తెగని పచ్చదారం ఆయనే కొనిపెట్టారన్నారు. ఆ తరవాత ఆలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి లేచారు.

"పండుగప్పకి తెల్లదారం వేశానని నన్ను చీవాట్లు పెట్టేరండి. దాని మొప్ప మీద కత్తిలాంటి ఎముకుంటదండి. తల విదిలిస్తే ఎంత నేర్పరి చేతిలోనైనా సన్నదారం కోసుకుపోద్ది, చివర బారెడు లావుదారం కట్టుకోవాలి అని చెప్పేరండి."

నేను లేచి, సభలో అడగకూడదని తెలిసినా, "ఎప్పుడు చెప్పేరండి ఆ మాట?" అన్నాను.

"చాలా ఏళ్లయిందండి. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు, వానాకాలం మొదట్లోనండి."

మా నాన్నగారి మాసికాలు ఇంకా నడుస్తున్న రోజులవి. ఎంత నేర్పరి చేతిలోనైనా అని పరాయి ఊరి మనిషికి చెప్పారు. నేను ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం ఆయన పక్కనే కూర్చునేవాణ్ణి.

జనం వెళ్లిపోయాక సువార్తమ్మగారి దగ్గర కూర్చున్నాను. ఆ తల్లిని అలాంటి రోజున అడగడం పాపమే. అయినా అడిగాను. "అక్కయ్యగారూ, నా దారం ఎందుకు తెగిందో మాస్టారికి తెలుసాండి?"

ఆవిడ తల దించుకున్నారు. "తెలుసండి తమ్ముడుగారూ. మీ నాన్నగారు పోయిన మర్నాడే తెలిసిందండి. ఆ దారం కొస భూతద్దం పెట్టి చూసేరు. 'కోసుకుపోయింది సువార్తా, పంతులుగారి చేతిలో తప్పు లేదు, దారం నేనే తప్పు చెప్పేను' అన్నారండి. బకెట్టు కట్టడం ఆ వారమే మొదలెట్టేరండి."

"మరి నాతో ఒక్క మాట..."

"చెబుదామని మూడుసార్లు మీ వీధిదాకా వచ్చి తిరిగొచ్చేసేరండి. ఆయనకి దారమైనా మార్చమని చెప్పండి పాపం అని నేనంటే, మార్చమంటే ఎందుకని అడుగుతారు కదా అనేవారు. పండుగప్ప మాత్రం ఆ రోజునుంచి ముట్టుకోలేదండి."

ఒంటికి పడదని ఆయన మా ఇంట్లో ఎన్నిసార్లు ఆ కూర పక్కకి జరిపారో నాకు గుర్తొచ్చింది. తొమ్మిదేళ్లు ఆ చేప మానేశారు మహానుభావుడు. ఆ ఉపవాసం నేనేం చేసుకోను? ఊరందరికీ ఏ చేపకి ఏ దారమో విడమరిచి చెప్పిన నోటికి నా దగ్గరే తాళం పడిందా? తప్పు మొదలైన చోటికి వెళ్లమని పిల్లలకి చెప్పిన మనిషి, ఆ ఒక్క మాట పట్టుకుని మా వీధి మొగ దాటి రాలేకపోయారా? నేను కోప్పడతానని భయపడ్డారు. నిజమే, కోప్పడేవాణ్ణి. వారం రోజులు మాట్లాడేవాణ్ణి కాదు. ఎనిమిదోనాడు మళ్లీ గట్టుమీదే కూర్చునేవాళ్లం కదా మాస్టారూ.

నన్ను ఇంతగా మోసం చేసిన స్నేహితుడు నాకు లేడు. అంతటి స్నేహితుడు కూడా ఇంకొకడు లేడు. ఆ మహనీయుడి స్మృతికి కోపంతోనే నమస్కరిస్తున్నాను. ఆయన లోటు తీరనిదని అందరూ అంటున్నారు. దారం ఎంచి చెప్పడానికి రేపు మరొకరు దొరుకుతారు. నా చెయ్యి తొందరపడలేదని నాతో చెప్పవలసిన మనిషి మాత్రం ఆయనొక్కరే. సువార్తమ్మగారు చెప్పారు, విన్నాను, నమ్మాను కూడా. నిన్న సాయంత్రం ఒంటరిగా వైనతేయ ఒడ్డుకి వెళ్లి, బారెడు లావుదారం జోడించి గాలం వేశాను. పెద్ద చేపే తగిలింది. "వదలకండి" అనడానికి పక్కన ఎవరూ లేరు. లాగలేక దారం వదిలేశాను.