నాడీకణం కోసిన చెరుకు

మెదడు గురించి చదివి మెదడు పోగొట్టుకున్న మనిషిని మీరు చూసి ఉండకపోతే, ఇదిగో, ఈ రాస్తున్నవాణ్ణే చూడండి. ఒక్క ఉపన్యాసంతో మా అన్న ఏడాది పంటను ముంచబోయాను.

అరవైల్లో మాట. బోధన్ గ్రంథాలయంలో శరీరశాస్త్రం సగం చదివి, నరాల సంగతిలో నన్ను మించినవాడు లేడని తిరిగే రోజులు. నిండుకుండ తొణకదంటారు; నాది చిల్లు చెంబు, నడిస్తే చాలు చదువు కారేది.

ఫ్యాక్టరీకి చెరుకు తోలే వంతు ఎప్పుడో కనుక్కు రమ్మని అన్న నన్ను పంపి, తను బండ్లు మాట్లాడటానికి పోయాడు. వంతు తప్పితే మళ్ళీ ఎప్పుడో. అప్పటికి తోట ఎండి వంటచెరుకే. సైకిల్ మీద రొప్పుతూ వచ్చి, "రేపు పొద్దుగాల్నే మన బండ్లు గేటు కాడుండాలె!" అని అరిచాను. కోతకూలీలు కత్తులు పట్టుకుని లేచారు. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను?

"ఆగుండ్రి! మెదడుల రెండు తీర్ల కణాలుంటయి. నాడీకణం కరెంటు తీగ లెక్క వార్త మోస్తది. తక్కినయి సహాయ కణాలు. వార్త మోసుడు వాటికి రాదు. నాడీకణానికి తిండి పెడ్తయి, తొడుగు చుడ్తయి, చెత్త ఎత్తుతయి, గంతే! వార్త తెచ్చిన నేను నాడీకణం. మీరంతా సహాయ కణాలు."

మేస్త్రీ సాయన్న గడ్డం గోక్కున్నాడు. "అంటే, మేం లేకున్నా నడుస్తదా పటేలా?"

"ఎందుకు నడవది? అసలు పని వార్తదే గద!"

"అయితే గా వార్తనే నరకమను చెరుకును."

కత్తి గట్టు మీద పెట్టి బీడీ ముట్టించాడు. అందరూ కూలబడ్డారు. సద్ది గంప దించబోతున్న వదిన మళ్ళీ నెత్తికెత్తుకుంది. "మా మరిది కరెంటు తింటడట. బువ్వెందుకు తియ్యి."

చేసేది లేక నేనే నరికాను. చెరుకాకు చెంపలు కోసింది. అన్న తోలుకొచ్చే బండ్ల గంటలు వినిపిస్తున్నాయేమోనని నాలుగు వేట్లకోసారి గట్టెక్కి చూడటం, మళ్ళీ తోటలో దూకటం. మిట్టమధ్యాహ్నానికి నేను నరికింది మేక ముందేస్తే, "ఇంకా లేదా?" అని అడిగేటంత. సహాయ కణాలు లేకపోతే నాడీకణం బతకదట. ఆ ముక్క నేను చదవని సగంలో ఉంది.

"సాయన్నా, తప్పయింది. అన్నొస్తే నన్ను నరుకుతడు. ఏం జెయ్యమంటవ్?"

"ఏం లేదు. ఇగ వార్తలు మేం పంపుతం. సహాయం నువ్వు జెయ్యి."

కత్తులు లేచాయి. వార్తలూ లేచాయి. "పటేలా, నీళ్ళు!" "పటేలా, మోపు కట్టు!" "గా ఆకు ఎత్తు, కాళ్ళకు తాకుతుంది!" బొంగరంలా తిరిగాను. చీకటి పడేసరికి అన్న తోలుకొచ్చిన బండ్లు నిండాయి.

పొద్దున గేటు దగ్గర కావలివాడు నన్ను ఎగాదిగా చూసి, "గీ మట్టి మనిషెవరే?" అన్నాడు.

సాయన్న గంభీరంగా చెప్పాడు: "మా సహాయ కణం. నిన్ననే పనిల పెట్టుకున్నం. జర నేర్చుకుంటుండు."

ఆ చెరుకు బండి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: చేతిలో కత్తి ఉన్నవాళ్ళ ముందు గానీ, నెత్తిన సద్ది గంప ఉన్నవాళ్ళ ముందు గానీ, ఈ జన్మలో శాస్త్రం మాట్లాడను.